మూడో పిలుపు

శుక్రవారం సాయంత్రం ఈ అరబ్బు దేశపు పాతబజారు మత్రాహ్ సూక్‌లో అడుగు పెట్టగానే ముందు ముక్కుకు తగిలేది లుబాన్ పొగ. మన సాంబ్రాణికి దగ్గరి చుట్టమే గానీ, దీంట్లో కొంచెం నిమ్మతొక్క వాసన, కొంచెం అప్పుడే కోసిన చెక్క వాసన కలిసి ఉంటాయి. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి ఆ పొగను సన్నటి సందుల్లోనే అటూ ఇటూ తిప్పుతుంది గానీ బయటికి పోనీయదు. నేనుండేది మబేలాలో. ఒక కట్టడాల కంపెనీకి సామాను కొనిపెట్టడం నా డ్యూటీ. వారంలో ఆరు రోజులు పైపులకూ పెయింట్లకూ మేకులకూ బేరమాడి, ఏడో రోజు సెలవు గదా అని సూక్‌కు వచ్చి మళ్ళీ బేరమే ఆడతాను. చేపకు సెలవిస్తే ఎక్కడికి పోతుంది, నీళ్ళలోకే గదా.

పోయిన శుక్రవారం నా వెంట మా చెల్లె రజిత కూడా ఉంది. వాళ్ళాయనకు బురైమిలో గ్యారేజీ పని. అక్కణ్ణుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నడిచి ఊరు చూద్దామంది, నడిచాం. సూక్ లోపల ఒక బంగ్లాదేశీ కొట్లో లుబాన్ వేసుకునే మట్టి ధూపదాని ఒకటి ఆమె కంటికి నచ్చింది. కొట్టతను నాలుగు రియాళ్ళన్నాడు. నేను రెండన్నాను. "ఆఖిర్ కలామ్?" అని, కడపటి మాట చెప్పమని అడిగితే మూడున్నర అన్నాడు. పెదవి విరిచి ధూపదానిని పక్కన పెట్టి, వీపు నిటారుగా చేసుకుని బయటికి నడిచాను. ఏడో ఎనిమిదో అడుగులు పడ్డాయో లేదో వెనక నుంచి "భాయ్! సునో భాయ్!" అని కేక. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అవి ఎందుకాగాయో చెప్పాలంటే ముందు మిమ్మల్ని రైలెక్కించాలి. సోహార్ వైపు పట్టాలు పరుస్తున్నారని వినడమే గానీ ఈ దేశంలో మనుషులెక్కే రైలు ఇంకా రాలేదు. కాబట్టి మా ఊరి రైలే ఎక్కుదాం.

మాది కామారెడ్డి. స్టేషన్ రోడ్డు మీద మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. కుడిపక్కన గాజుల దుకాణం, ఎడమపక్కన బట్టల దుకాణం, ఎదురుగా గిన్నెల దుకాణం. బెల్లం దిమ్మల మీద మూగే ఈగల చప్పుడు, ఎండుమిరప బస్తా విప్పినప్పుడు వీధి వీధంతా తుమ్మే తుమ్ములు, కిరోసిన్ డబ్బా మూత తీసి పెట్టిన వాసన, గోనెసంచుల మీద మధ్యాహ్నం పూట నిద్రపోయే మా అవ్వ గురక, వీటి మధ్య పెరిగాను నేను. మా వరుస పిల్లలం గోటీలాట కన్నా దుకాణమాట ఎక్కువ ఆడేవాళ్ళం. పెంకుముక్కలు తూకంరాళ్ళు, ఇసుక చక్కెర, చింతగింజలు పైసలు. ఆ ఆటలో గెలుపంటే ఎదుటివాడు చెప్పినదానికన్నా ఒక్క చింతగింజైనా తక్కువకు కొనడం. గెలిచి ఇంటికి తెచ్చుకునేది గుప్పెడు ఇసుకేనన్న సంగతి మాకెప్పుడూ తోచలేదు.

బేరంలో మా బాపుకు కొన్ని కట్టుబాట్లుండేవి. కావాల్సిన వస్తువును ముందు ముట్టుకోవద్దు, దాని పక్కనున్నదాన్ని ముట్టుకోవాలి. దుకాణం బోర్డు వైపు తలెత్తి చూడొద్దు, చూస్తే ఊరికి కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది. మన కడపటి మాట చెప్పేశాక చెప్పులు తొడుక్కుని నడవాలి, ఏం జరిగినా వెనక్కి తిరగొద్దు. "ఆడు పిలుస్తడు బిడ్డా. మొదటి పిలుపు మర్యాదకు, రెండోది ఆశకు. మూడో పిలుపుల ధరుంటది. దానికే మల్లాలె" అనేవాడు. మరి గల్లాపెట్టె వెనక తాను కూర్చున్నప్పుడు సూత్రం వేరు. అలిగి పోయే గిరాకీ మా దుకాణం ముందరి కరెంటు స్తంభం దాకా పోయేదాకా చూసేవాడు. వెనక్కి తిరిగి చూశారా, ఇక పిలవక్కర్లేదు, వాళ్ళే వస్తారు. చూడకుండా స్తంభం దాటితే పిలవాలి, అదీ రెండుసార్లే. మూడోసారి పిలిస్తే దుకాణం మునిగిందని ఊరంతా అనుకుంటుందట. కొనేవాడు మూడో పిలుపు దాకా తిరగకూడదు, అమ్మేవాడు మూడోసారి పిలవకూడదు. ఈ రెంటినీ ఒకే నోటితో చెప్పిన మా బాపుకు గానీ, నోరు తెరుచుకుని విన్న నాకు గానీ, ఇవి రెండూ ఒక్కచోట ఎదురుపడితే ఏమవుతుందన్న అనుమానం రానేలేదు.

రజిత బడికి పోవాల్సిన ఏడు అది. దానికి ఆరేళ్ళు, నాకు పది. ఆ రోజుల్లో బడికి పోయే పిల్లల చేతుల్లో అల్యూమినియం పెట్టెలుండేవి; పలకా పుస్తకాలూ వేసి నొక్కితే టక్కున పడే చిన్న గొళ్ళెం, ముందు వంపు తిరిగిన పిడి, ఎండలో పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది, వాన పడితే నెత్తిన గొడుగయ్యేది. అది కావాలని రజిత వారం రోజులు అన్నం ముందు అలిగింది. పెట్టెలు మా ఎదురు దుకాణంలోనే వేలాడుతుండేవి. కానీ అక్కడ కొనడానికి బాపు ఒప్పుకోలేదు. రోజూ పొద్దున లేస్తే మొహాలు చూసుకునేవాళ్ళతో బేరమాడితే మొహమాటం, ఆడకపోతే నష్టం. "పట్నం పోదాం" అన్నాడు. శనివారం మా బజారు బంద్, బడి ఒంటిపూట. ఆ ఒంటిపూట నాకు వచ్చిన కడుపునొప్పి గురించి ఎక్కువ చెప్పను.

మిరుగు కార్తె వచ్చి నాలుగు రోజులైంది. తొలివానలకు స్టేషన్ కప్పు మీది మసి కడుక్కుపోయి గోడల మీద నల్లచారలు కట్టింది. మా రైలు చిన్న లైను బండి; పెట్టెలు ఇరుకు, బల్లలు చెక్కవి, కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో నలక పడుతుంది, పెట్టకపోతే ప్రాణం ఆగదు. అవ్వ కట్టిచ్చిన సర్వపిండి మూట విప్పితే నువ్వులూ కరివేపాకూ కాలిన వాసనకు ఎదురుబల్ల ముసలమ్మ "ఎవలు జేసిండ్రు బిడ్డా" అని అడిగి మరీ ఒక ముక్క తీసుకుంది. అక్కన్నపేటలో అల్లనేరేడు పండ్ల గంప ఎక్కింది. బాపు గంపమ్మతో మేడ్చల్ దాకా బేరమాడి, ఆమె దిగిపోయే ముందు దోసెడు పండ్లు తీసుకున్నాడు. మా ముగ్గురి నాలుకలూ ఊదారంగైపోయాయి. ఆ పండ్లు తింటూనే నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "పెట్టెకు ఇరవయ్యే అనాలె. మరీ కాకుంటె ఇరవై అయిదు దాక పోదాం. పైకి అనకు." నేను తలూపాను. కిటికీకి బుగ్గ ఆనించి రజిత స్తంభాలు లెక్కపెట్టుకుంటోంది, దాని ధ్యాస మా మీద లేదనుకున్నాం.

సికింద్రాబాదు స్టేషన్ బయట రిక్షావాళ్ళు మూగితే బాపు చెయ్యి ఊపి పక్కకు నడిచాడు. "రిక్షా ఎక్కినోడు ఒక్క దుకాణం సూస్తడు, నడిచినోడు నూరు సూస్తడు" అన్నది ఆయన మాట. అలా ఆ నగరాన్ని నేను పూర్తిగా చెప్పుల మీదే చూశాను. గడియారం స్తంభం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. మోండా మార్కెట్‌లో కొత్తిమీర కట్టల తడి మీద జారాం. ఇరానీ హోటళ్ళలోంచి వచ్చే చాయ్ ఆవిరి, అత్తరు సీసాల కొట్ల దగ్గర గాలి బరువెక్కడం, బట్టల దుకాణాల ముందు గుడ్డ తాను విప్పి గాల్లో విసిరినప్పుడు చెంపకు తగిలే గంజి వాసన, రెండంతస్తుల బస్సు పక్కనుంచి పోతే కాళ్ళకింద నేల వణకడం, అన్నీ ఆ నడకలో దొరికినవే, అన్నీ ఊరకే దొరికినవే. రజిత ఎప్పటిలాగే నా చొక్కా వెనకకొస పట్టుకుని నడిచింది. అది దాని అలవాటు. చొక్కా లాగుతున్నంతసేపూ అది ఉన్నట్టు లెక్క.

జనరల్ బజార్ సందుల్లో ఆరు దుకాణాలు ఎక్కి దిగాం. ఒక్క చోటా బోర్డు వైపు చూడలేదు. ఏడోది సందు మలుపు దాటాక, లోపలికి లోతుగా ఉన్న కొట్టు. గుమ్మంలో చిన్న ధూపం గిన్నెలో లోబాన్ రాజుకుంటోంది. లోపల కుర్చీలో తెల్లగడ్డం ముసలాయన, మోకాళ్ళ మీద ఏదో తైలం రాసుకుంటూ ఉన్నాడు. ఆ తైలం ఘాటూ ధూపమూ కలిసి అదో వాసన. పెట్టెలు ఒకదాని మీద ఒకటి మా ఎత్తుకు పేర్చి ఉన్నాయి. ముప్పై రెండన్నాడు. ఆనాటి బేరం నాకు ఇస్తానని బాపు దారిలోనే మాటిచ్చాడు గనక, నేను గొంతు పెద్దది చేసుకుని ఇరవై అన్నాను.

ముసలాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సేఠ్ సాబ్ ఎవరు, నువ్వా, ఆయనా?" అన్నాడు.

"నేనే. గొళ్ళెం వదులుంది, అందుకే ఇరవై."

"గొళ్ళెం కాదు బేటా, నీ ఏలు వదులుంది." చివరికి ఇరవై ఎనిమిదికి దిగి, అక్కడ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

మామూలుగా ఇలాంటప్పుడు మా నాటకం ఒకటుండేది. బాపు కోపంగా ముందు నడుస్తాడు, నేను వస్తువు వైపు ఆశమొహం పెట్టి ఐదు లెక్కపెట్టి, రజిత చెయ్యి పట్టుకుని వెనక పోతాను. ఆ ఐదు అంకెల్లో ఎందరో కరిగారు. కానీ ఆ రోజు బేరం నాది. ఆశమొహం పిల్లలు పెట్టేది, నేను వ్యాపారిని. బాపు అటు గుమ్మం దిగాడో లేదో, నేనూ ఆయనలాగే భుజాలు వెనక్కి విరిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాను.

వెనక నుంచి కేక వచ్చింది. "ఓ సేఠ్! ఇటు రాండ్రి!" బాపు తిరగలేదు, నేనూ తిరగలేదు. ఇంకో పది అడుగులు. "ఓ చిన్న సేఠ్!" నా వీపు మీద చీమలు పాకాయి, అయినా తిరగలేదు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి సందు మలుపు దాకా నడిచాం. రాలేదు. పెద్ద రోడ్డు దాకా నడిచాం. రాలేదు. "మొండోడు ముసలాయన" అన్నాడు బాపు, ఆ మాటలో కొంచెం మెప్పు కూడా ఉంది. "చాయ్ తాగి ఇంకో సందు సూద్దాం."

హోటల్‌లో పాలరాతి బల్ల ముందు పక్కపక్కన కూర్చున్నాం. రెండు చాయ్‌లూ రెండు బిస్కెట్లూ వచ్చాయి. బాపు రెండో బిస్కెట్‌ను జాగ్రత్తగా సగానికి విరిచాడు. ఒక సగం నాకిచ్చాడు. రెండో సగం పట్టుకున్న చెయ్యి నా వెనకవైపు చాపాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"పిల్లేది?"

"నీ ఎంబడి లేదా?"

"నీ ఎంబడి గాదురా!"

నేను చెయ్యి వెనక్కి పోనిచ్చి చొక్కా కొస తడుముకున్నాను. ఇప్పటికీ ఆ తడుముడు నా వేళ్ళకు గుర్తే.

చాయ్‌లు అక్కడే వదిలేసి పరిగెత్తాం. అప్పుడు తెలిసింది మా తెలివి ఎంతటిదో. ఏ దుకాణం బోర్డూ చూడలేదు గదా, ఏ సందని వెతకాలి? అన్ని సందుల్లోనూ గిన్నెలు వేలాడుతున్నాయి, అన్ని గిన్నెల్లోనూ మా మొహాలు వంకర్లు పోయి కనిపిస్తున్నాయి. ఎవరికోసమూ వెనక్కి తిరగని మా బాపు ఆ రోజు అడుగడుగుకూ వెనక్కి తిరిగాడు, రజిత ఎర్రగౌను లాంటిది కనబడితే చాలు అటు పరిగెత్తాడు. సాయంత్రం బండికి ఇంకా గంటన్నరే ఉంది. కానీ బండి గురించి ఆలోచన నాకే వచ్చింది, ఆయనకు రాలేదు. పొద్దున మేం అలిగి దిగొచ్చిన దుకాణాల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతూ లేచారు. ఒకాయన "ఇరవై రెండుకు తీస్కపోండ్రి" అన్నాడు. ఇంకొకాయన అడ్డమొచ్చి "సరే తీ, ఇరవయ్యే" అన్నాడు. ఆ పూట బజారంతా మేం అడిగిన ధరకు దిగొచ్చింది. బాపు వాళ్ళ చేతులు పట్టుకుని "ఎర్రగౌను పిల్ల, గింతంత ఉంటది, ఊదా నాలుక" అని అడుగుతున్నాడు. ఊదా నాలుక ఎవరికి కనిపిస్తుంది? అయినా అదే చెప్పాడు. నేను ఆయన పంచె కొస పట్టుకుని ఏడుస్తూ వెనక పరిగెత్తాను. దేవుడితో కూడా బేరం పెట్టాను. గోటీలన్నీ ఇస్తానన్నాను. అటు నుంచి మొదటి పిలుపు కూడా రాలేదు.

సందు నాకు కళ్ళతో దొరకలేదు, ముక్కుతో దొరికింది. ఒక మలుపు దగ్గర లోబాన్ పొగా, దానిలో మోకాళ్ళ తైలం ఘాటూ. "బాపూ, ఈడ్నే!" అన్నాను.

పెట్టెల గుట్ట వెనక, నేల మీద పెట్టిన ఒక పెట్టె మీద రజిత కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. నోట్లో పిప్పరమెంటు. మమ్మల్ని చూసి లేవలేదు.

"నేను రాను. ఇది నా పెట్టె" అంది.

బాపు గుమ్మంలోనే కూలబడ్డాడు. ముసలాయన కుర్చీలోంచే కోప్పడ్డాడు. "గిరాకీ పోతే మల్లొస్తది సేఠ్, పిల్లను మరిచిపోతరా? రెండుసార్లు పిలిస్తి. మూడోసారి నేనెందుకు పిలుస్త, నాకు మాత్రం దుకాణం ఇజ్జత్ లేదా? మీరు పోయినంక పెట్టెల ఎనక నుంచి చప్పుడొచ్చింది. సూస్తే మీ చోటీ సేఠానీ. నా మోకాళ్ళకు సందు దాటుడు అయితదా?" తన కొట్లో పనిచేసే మనిషిని మా కోసం స్టేషన్ వైపు పంపాడట, అతను ఇంకా తిరిగి రాలేదు.

బాపు లేచి, కళ్ళు తుడుచుకుని, ముప్పై రెండు రూపాయలు తీసి గల్లా మీద పెట్టాడు. నేను పుట్టాక ఆయన చెప్పిన ధర చెప్పినట్టు ఇవ్వడం అదే మొదలు. ముసలాయన ఏడు రూపాయలు వెనక్కి తోశాడు.

"ఇరవై అయిదు చాలు."

"వద్దు సాబ్, ఉంచుండ్రి."

"నేను తగ్గించింది కాదు. మీ పిల్లనే చెప్పింది. మా బాపు ఇరవై అంటడు గని ఇరవై అయిదు దాక ఇస్తడు, రైల్ల చెప్పిండు అని."

బాపు నా వైపు చూశాడు, నేను రజిత వైపు చూశాను. అది పిప్పరమెంటు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. బాపు నవ్వు మధ్యలో మళ్ళీ ఏడుపైంది, ఏడుపు మధ్యలో దగ్గు వచ్చింది, ముసలాయన కూజాలోంచి నీళ్ళిచ్చాడు.

తిరుగు బండిలో నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. బాపు నన్ను ఒక్క మాటా అనలేదు. రజిత పెట్టె ఒళ్ళో పెట్టుకుని గొళ్ళెం టక్కుటక్కుమనిపిస్తూ బొల్లారం దాటకముందే నిద్రపోయింది. నిద్రలోనూ దాని గుప్పిట్లో నా చొక్కా కొస ఉంది. ఊరు చేరేదాకా నేను ముడుచుకుని అలాగే కూర్చున్నాను, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. బయట వాన పట్టుకుంది. తడి మట్టి వాసన లోపలికి వస్తుంటే, బాపు తన తువ్వాలు తీసి కిటికీకి అడ్డం కట్టి, మా ఇద్దరినీ ఒకసారి ఒకరి తర్వాత ఒకరిని చూసి, మళ్ళీ చూసి, అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మా దుకాణం ముందు ఏ గిరాకీనీ స్తంభం దాకా పోనీయలేదు. మూడో అడుగుకే పిలిచేవాడు. పక్క దుకాణాల వాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వనీ అనేవాడు.

ఇప్పుడు ఆ చిన్న లైను లేదు. దాని మీదనే పెద్ద పట్టాలు వేశారు. ఆ బండ్లు అక్కన్నపేటలో నేరేడు గంప కోసం ఆగుతాయో లేదో నాకు తెలియదు. అల్యూమినియం పెట్టెలు పోయి సంచులొచ్చాయి. మా స్టేషన్ రోడ్డు దుకాణాల్లో కూడా వస్తువు మీదే ధర అంటించి ఉంటుంది, కాదని నడిచిపోతే ఎవరూ పిలవరు. బాపు పోయి చాలా ఏళ్ళైంది. ఆ ముసలాయన కొట్టు ఎక్కడుండేదో ఒకసారి సెలవులో వెతికాను. బోర్డు చూడలేదు గదా, దొరకలేదు.

సరే, మత్రాహ్‌లో నా కాళ్ళు ఆగాయన్నాను. మొదటి పిలుపుకే ఆగాయి, మొదటి పిలుపుకే వెనక్కి తిరిగాను. ఇన్నేళ్ళుగా అంతే. పైపుల దగ్గరా అంతే, పెయింట్ల దగ్గరా అంతే. బేరం అంచు దాకా పట్టుకుపోతాను, వెనక నుంచి ఎవరైనా పిలిచారా, మెడ దానంతటదే తిరుగుతుంది. మబేలా హార్డ్‌వేర్ కొట్లవాళ్ళందరికీ నా సంగతి తెలుసు. మా మేనేజర్‌కు ఒక్కడికే తెలియదు.

రజిత నాతో బయటికి రానేలేదు. కొట్లో బల్లమీద కూర్చుని, ధూపదానిని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు ఊపుకుంటోంది. కొట్టతను నవ్వుతున్నాడు.

"మూడు రియాళ్ళకు ఒప్పుకున్నడు, అన్నా" అంది. "నువ్వు మూడు దాక పోతవని నేనే చెప్పిన."